హాలిక కవి రాబర్ట్ బర్న్స్

భాగవతమును తెనిగించిన పోతన నాగలి పట్టి పొలము దున్నుకొని జీవించెనని మన తెలుగునాట తరతరములుగా చెప్పుకొనుచున్నారు. కవిత్వమునకును సేద్యమునకును గల ఈ చుట్టరికము మన దేశమునందే కాక ఇతర దేశములందును కానవచ్చును. ఇంగ్లండునకు ఉత్తరమున నున్న స్కాట్లండు దేశములో, పదునెనిమిదవ శతాబ్దమున, అట్టి హాలిక కవి యొకడు జన్మించెను. అతని పేరు రాబర్ట్ బర్న్సు. అతడు జీవించినది ముప్పదియేడు సంవత్సరములు మాత్రమే. అందు సగము కాలము కౌలు భూములలో శ్రమించుటకే సరిపోయెను. అయినను అతని పాటలు నేటికిని లోకమంతట వినబడుచునే యున్నవి.

స్కాట్లండునకు నైరుతి దిశను, సముద్రతీరమున, ఎయిర్ అను పట్టణము కలదు. దానికి రెండు మైళ్ళ దూరమున, డూన్ నదికి చేరువగా ఆలొవే అను చిన్న గ్రామమున్నది. బర్న్సు తండ్రి విలియము ఉత్తర ప్రాంతమునుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు అచ్చటికి వచ్చి, తోటమాలిగా పనిచేయుచుండెను. అతడు కొంత నేల సంపాదించి, మట్టి గోడలు పెట్టి, పైన గడ్డి కప్పి, తన చేతులతోనే ఒక యిల్లు కట్టుకొనెను. ఆ యింటిలో 1759 వ సంవత్సరము జనవరి 25 వ తేదీన రాబర్టు పుట్టెను. ఏడుగురు సంతానములో అతడే పెద్దవాడు. బిడ్డ పుట్టిన కొలది దినములకే పెనుగాలి వీచి ఆ యింటి గోడ కూలిపోయెను. తల్లిని, పసికందును పొరుగింటికి చేర్చవలసి వచ్చెను. తండ్రి మరల మట్టి తొక్కి గోడ లేపెను.

తల్లి ఆగ్నెసునకు వ్రాత రాదు. కాని ఆమె నోట పాత పాట లెన్నియో నిలిచి యుండెను. పనిపాటలు చేసికొనుచు ఆమె పాడుచుండగా పిల్లవాడు వినుచుండెడివాడు. వారి యింటికి వచ్చి పనులలో సాయపడు బెట్టీ అను బంధువుల ముసలమ్మ యొకతె దయ్యముల కథలు, మంత్రగత్తెల కథలు, దీపములు పట్టుకొని తిరుగు పిశాచముల కథలు చెప్పెడిది. ఊరిలో కప్పు కూలిన పాత దేవాలయ మొకటి కలదు. చీకటి పడిన పిమ్మట దాని ప్రక్కగా పోవుటకు పిల్లలు జంకెడివారు. ఆ పాటలును, ఆ కథలును, ఆ పాడుపడిన గుడియు బాలుని మనస్సున నాటుకొనిపోయెను.

విలియము పేదవాడైనను చదువు విలువ నెరిగినవాడు. అతడును, ఇరుగుపొరుగువారును కలిసి జీతము పోగుచేసి, జాన్ మర్డాకు అను పదునెనిమిదేండ్ల యువకుని తమ పిల్లలకు ఉపాధ్యాయునిగా కుదుర్చుకొనిరి. మర్డాకు రాబర్టునకును, అతని తమ్ముడు గిల్బర్టునకును వ్యాకరణమును, పద్యములను చక్కగా నేర్పెను. కాని సంగీతము నేర్పబోయినప్పుడు రాబర్టు చెవికి స్వరభేదము తెలియదనియు, కంఠము బొత్తిగా పలుకదనియు తలచెను. చమత్కారమేమైన నున్నచో అది గిల్బర్టునందే యున్నదని అతని యభిప్రాయము. ఆ పిల్లవాడే తరువాత తన జాతికంతటికి పాటలు కూర్చి యిచ్చెను. తొమ్మిదేండ్ల బాలుని చూచి వాని భవిష్యత్తును నిర్ణయింపరాదని ఉపాధ్యాయులు దీనివలన తెలిసికొనవలసి యున్నది.

బిడ్డలను పరుల యిండ్లలో పనికి పంపుట విలియమునకు ఇష్టము లేకుండెను. వారిని తన కన్నుల యెదుటనే పెంచుకొనవలెనను కోరికతో అతడు 1766 లో మౌంట్ ఓలిఫెంట్ అను చోట డెబ్బది యెకరముల భూమిని కౌలునకు తీసికొనెను. కౌలు ఏడాదికి నలువది పౌనులు. ఆ నేల చవిటినేల కంటె మేలు కాదు. ఎంత పని చేసినను పంట పండదు. పంట పండకున్నను కౌలు ఆగదు. కూలివారిని పెట్టుకొను శక్తి లేదు. ఆ యింట సంవత్సరముల తరబడి మాంసమే వండుకొనలేదు. రాబర్టు పదుమూడవ యేట ధాన్యము నూర్చుటలో పెద్దవారికి సాయపడుచుండెను. పదునైదవ యేట పొలములో ప్రధానమైన పనివాడు అతడే. ఎదిగెడి వయస్సున ఎముకలు ముదురకమునుపే మోసిన ఆ బరువు అతని శరీరమును లోలోపల దెబ్బతీసెను. సాయంకాలమగునప్పటికి తలనొప్పితో బాధపడెడివాడు. కొన్నాళ్ళకు గుండెదడ ప్రారంభమయ్యెను.

భూస్వామి మరణింపగా కౌలు వసూలునకు ఒక అధికారి వచ్చెను. అతడు బెదరించుచు వ్రాసెడి ఉత్తరములు చదివి ఇంటిల్లిపాదియు కన్నీరు పెట్టుకొనెడివారు. తన తండ్రి వంటి నిజాయితీపరుడు, ఒక్క దినమైనను ఊరకుండనివాడు, ఎవని ముందో తలవంచి నిలువవలసి వచ్చుట రాబర్టు కన్నులార చూచెను. ఆ దృశ్యము నతడు జీవితాంతము మరువలేదు.

ఇంత శ్రమలోను చదువు ఆగలేదు. తండ్రి ఎరువు తెచ్చిన పుస్తకములను రాత్రివేళ దీపము ముందు బిడ్డలకు బోధించెడివాడు. రాబర్టు బండి తోలునప్పుడును, పొలమునకు నడచునప్పుడును పాటల పుస్తక మొకటి చేత బట్టుకొని, ఒక్కొక్క చరణమును పరీక్షించుచు చదివెడివాడు. పదునైదేండ్ల వయస్సున, కోతల కాలమునందు, తనతోడ జంటగా పని చేయుచున్న బాలిక యొకతె పాడిన పాట విని, ఆ వరుసకు తానే ఒక పాట కట్టెను. అదియే అతని తొలి రచన. అది కోతకోయు పొలములో పుట్టినది.

1777 లో ఆ కుటుంబము లాక్లీ అను చోటికి మారెను. భూమి మారినను విధి మారలేదు. 1781 లో రాబర్టు ఇర్విన్ పట్టణమునకు పోయి అవిసెనార తీయు పని నేర్చుకొనబోయెను. నూతన సంవత్సరపు వేడుకలలో నిప్పంటుకొని ఆ దుకాణము భస్మమయ్యెను. అతడు రిక్తహస్తములతో ఇల్లు చేరెను. భూస్వామితో కౌలు విషయమై తగవు పుట్టి, వ్యాజ్యము ఉన్నత న్యాయస్థానమునకు ఎక్కెను. 1784 జనవరిలో తీర్పు విలియమునకు అనుకూలముగా వచ్చెను. కాని గెలిచినవాని చేతిలో ధనము లేదు, దేహములో బలము లేదు. మరుసటి నెల 13 వ తేదీన అతడు క్షయవ్యాధితో కన్నుమూసెను. అతని కోరిక ననుసరించి శవమును ఆలొవేకు కొనిపోయి, ఆ పాత దేవాలయపు ఆవరణమందు పూడ్చిరి.

అన్నదమ్ము లిరువురును మాఖ్లిన్ గ్రామమునకు సమీపమున మాస్‌గీల్ అను భూమిని కౌలునకు పుచ్చుకొనిరి. ఒక్కొక్కరు ఏడాదికి ఏడు పౌనులు మాత్రమే ఖర్చు చేసికొనవలెనని నియమము పెట్టుకొనిరి. మొదటి యేట విత్తనము చెడ్డదగుటచేతను, రెండవ యేట కోత ఆలస్యమగుటచేతను పంట సగము పోయెను. ఆశ్చర్యమేమనగా, ఆ రెండు సంవత్సరములలోనే బర్న్సు ఉత్తమ కావ్యములలో పెక్కింటిని వ్రాసెను. పగలు దున్నుచు మనస్సులో పద్యము కట్టుకొనెడివాడు. రాత్రి అటకపై నున్న చిన్న గదికి పోయి కాగితముపై నెక్కించెడివాడు.

ఆ కాలమున స్కాట్లండులో గొప్పవారందరు ఇంగ్లీషునందే వ్రాయవలెనని ప్రయత్నించుచుండిరి. తమ తల్లులు మాటలాడిన స్కాట్సు భాష సభలకు తగదని వారి నమ్మకము. రాబర్ట్ ఫెర్గుసన్ అను యువకవి ఆ భాషలోనే చక్కని పద్యములు వ్రాసి, ఇరువదినాలుగేండ్లకే 1774 లో దారిద్ర్యమున మరణించి యుండెను. ఆ పద్యములు చదువగానే బర్న్సునకు త్రోవ దొరకెను. తన తల్లి పాడిన భాష, బెట్టీ కథలు చెప్పిన భాష, కళ్ళములో కూలివారు నవ్వుచు ఆడుకొను భాష కవిత్వమునకు చాలునని అతడు గ్రహించెను.

కవితావస్తువును గూడ అతడు దూరమునకు పోయి వెదకలేదు. 1785 నవంబరులో ఒకనాడు అతడు దున్నుచుండగా నాగలి తగిలి చిట్టెలుక గూడొకటి చెదరిపోయెను. ఎలుక వణకుచు పరుగెత్తెను. తోడనున్న పనిపిల్లవాడు దానిని చంపుటకు కర్ర యెత్తగా బర్న్సు వారించెనని చెప్పుదురు. చలికాలము ముందున్నది, ఎంతో శ్రమించి కూర్చుకొన్న గూడు ఒక్క క్షణములో పోయినది. కౌలు చెల్లింపలేక ఇండ్లు మారుచు వచ్చిన ఆ యువకునకు ఎలుక కష్టము తన కష్టముగనే తోచెను. ఆ విధముగా పుట్టిన పద్యము నేడు జగత్ప్రసిద్ధము. మరుసటి వసంతమున నాగలి క్రింద నలిగిన అడవిపువ్వును గూర్చియు అట్లే వ్రాసెను. ధనికుని కుక్కయు, పేదవాని కుక్కయు కలిసికొని తమ యజమానుల బ్రతుకులను ముచ్చటించుకొనునట్లు మరియొక కావ్యము రచించెను. అందులో పేదవాని కుక్క పేరు లూయత్. అది అతడు పెంచుకొన్న కుక్క పేరే. తండ్రి మరణించుటకు ముందు రాత్రి ఎవరో దానిని క్రూరముగా చంపిరి. అందు కౌలు వసూలు చేయు అధికారి పేదల నదలించు దృశ్యమును గూడ చూపెను. శనివారపు రాత్రి పని ముగించి యిల్లు చేరిన కష్టజీవి కుటుంబమును వర్ణించిన కావ్యమున తన తండ్రియే అతనికి మాదిరి.

1786 లో కష్టములు ముసురుకొనెను. అతడు ప్రేమించిన జీన్ ఆర్మర్‌ను అతనికిచ్చుటకు ఆమె తండ్రి సమ్మతింపలేదు. బర్న్సు నడవడి విషయమై గ్రామములో అపవాదులును కలిగెను. అందు కొన్నిటికి అతడే కారకుడు. పొలము కలిసిరాలేదు. విసిగి, దేశము విడిచి జమైకా ద్వీపమునకు పోయి, చెరకుతోటలో లెక్కలు వ్రాయు కొలువున చేరుటకు నిశ్చయించుకొనెను. ఆ తోటలలో పనిచేయువారు ఆఫ్రికానుండి బలవంతముగా తేబడిన బానిసలు. పేదవాని గౌరవమును పాడిన కవి అట్టి కొలువునకు ఒప్పుకొనెనన్నది మనము దాచిపెట్టరాని సత్యము. మహనీయుల జీవితములలో గూడ ఇట్టి మచ్చలుండును.

ప్రయాణమునకు ముందు తన పద్యములను ఒక్కసారి అచ్చులో చూచుకొనవలెనని తలచెను. మిత్రులు చందాలు పోగుచేసిరి. 1786 జూలై 31 వ తేదీన కిల్మార్నక్ పట్టణమునందు జాన్ విల్సన్ అను ముద్రాపకుడు ఆ పుస్తకమును అచ్చువేసెను. ప్రతులు 612, వెల మూడు షిల్లింగులు. కొలది వారములలోనే దాదాపు అన్నియు చెల్లిపోయెను. పొలము పనులు చేయు కూలివారును, ఇండ్లలో పనిచేయు స్త్రీలును తమ జీతములో మిగిల్చిన సొమ్ముతో ఆ పుస్తకమును కొనిరట. తమ మాట, తమ యిల్లు, తమ కష్టము అచ్చులో కనబడుట వారికి అదియే మొదలు. ఇంతలో రాజధానియగు ఎడింబరోనుండి, బ్లాక్‌లాక్ అను అంధకవి ఆ పద్యములను మెచ్చుకొనుచు, వెంటనే రెండవ ముద్రణము తేవలెనని వ్రాసిన ఉత్తర మొకటి వచ్చెను. బర్న్సు జమైకా ప్రయాణము మానుకొని, ఎరువు తెచ్చిన గుర్రమెక్కి ఎడింబరో చేరెను.

నగరమున అతనికి బ్రహ్మరథము పట్టిరి. చదువులేని దున్నువానికి దైవానుగ్రహమున కవిత్వ మబ్బినదని ఒక విమర్శకుడు వ్రాసెను. ఆ మాట అందరకు నచ్చెను. కాని అతడు ఎంత చదివెనో, రాత్రులు ఎంత మేల్కొనెనో వారెరుగరు. ఒకనాడు పండితుల గోష్ఠిలో గోడకు వ్రేలాడుచున్న చిత్రమొకటి బర్న్సు కంటబడెను. మంచులో మరణించిన సైనికుడు, ఒక ప్రక్క అతని కుక్క, మరియొక ప్రక్క బిడ్డ నెత్తుకొన్న భార్య. దాని క్రింద నున్న పద్యము చదివి అతడు కన్నీరు పెట్టుకొని, అది ఎవరు వ్రాసిరని అడిగెను. పండితులలో ఎవరికిని తెలియలేదు. మూల నున్న పదునైదేండ్ల బాలుడొకడు మెల్లగా కవి పేరు చెప్పెను. బర్న్సు ఆ బాలుని వైపు చూచి ఆదరముతో ఒక మాట పలికెను. ఆ బాలుడే తరువాత మహా నవలాకారుడైన వాల్టర్ స్కాటు. ఆ చూపును, ఆ కన్నుల కాంతిని అతడు ముసలితనము వరకు తలచుకొనుచుండెను.

1787 లో ఎడింబరో ముద్రణము వెలువడెను. ఇకమీదట ఇంగ్లీషులో వ్రాసినచో లోకమంతయు మెచ్చునని పెద్దలు కొందరు హితవు చెప్పిరి. బర్న్సు వారి మాట మన్నించెను గాని తన భాషను విడువలేదు. చేతికి ధనము రాగానే అతడు చేసిన పనులలో ఒకటి, గుర్తుకూడ లేక పడియున్న ఫెర్గుసన్ సమాధికి రాయి నిలుపుటకు ఏర్పాటు చేయుట. మరియొకటి, మాస్‌గీల్ పొలము చేజారకుండ తమ్మునకు నూటయెనుబది పౌనులు అప్పిచ్చుట.

1788 లో అతడు జీన్ ఆర్మర్‌ను భార్యగా స్వీకరించి, డంఫ్రీస్ పట్టణమునకు సమీపమున ఎలిస్‌లాండు అను భూమిని కౌలునకు తీసికొనెను. ఆ నేలయు సారము లేనిదే. సంసారము గడచుటకై 1789 లో సుంకపు శాఖలో ఉద్యోగమున చేరెను. పది గ్రామమండలములు తిరుగుచు, వారమునకు ఇన్నూరు మైళ్ళు గుర్రముపై పోవలసి వచ్చెడిది. జీతము ఏడాదికి యేబది పౌనులు.

ఆ దినములలో గ్రోసు అను పురావస్తు పండితుడు స్కాట్లండులోని పాత కట్టడముల చిత్రములను గ్రంథముగా ప్రకటించుటకు వచ్చెను. తన తండ్రి నిదురించుచున్న ఆలొవే గుడిని గూడ అందు చేర్చవలెనని బర్న్సు కోరెను. ఆ గుడిని గూర్చి మంత్రగత్తెల కథ యొకటి వ్రాసి యిచ్చినచో చేర్చెదనని గ్రోసు పలికెను. ఆ విధముగా 1790 లో టామ్ ఓ షాంటర్ అను కథాకావ్యము పుట్టెను. టామ్ అను రైతు ఎయిర్ సంతలో ప్రొద్దుపోవు వరకు త్రాగి, గాలివానలో గుర్రమెక్కి ఇంటికి బయలుదేరును. ఆలొవే గుడిలో మంత్రగత్తెలు నాట్యమాడుచుండగా చూచి, ఒళ్ళు మరచి కేక వేయును. వారు తరుముదురు. పారు నీటిని వారు దాటలేరు గనుక టామ్ డూన్ వంతెన మధ్యకు చేరి బ్రతుకును. గుర్రపు తోక మాత్రము మంత్రగత్తె చేతిలో ఊడిపోవును. చిన్ననాడు ముసలమ్మ చెప్పిన కథలు, చీకటిలో జంకించిన గుడి, ఆ వంతెన, ఆ సంత అన్నియు ఇరువది సంవత్సరముల తరువాత తండ్రి సమాధి కారణముగా కావ్యమై వెలువడెను.

1791 లో సేద్యము చాలించి అతడు డంఫ్రీసులో కాపురము పెట్టెను. ఆ జీవితపు చివరి సంవత్సరములలో అతనికి పట్టుకొన్న పని ఒక్కటే. పల్లెలలో నశించిపోవుచున్న పాత పాటలను సేకరించుట, విరిగిన చరణములను అతుకుట, మాటలు పోయి వరుసలు మాత్రమే మిగిలినవాటికి కొత్త మాటలు కూర్చుట. ఎడింబరోలో జేమ్సు జాన్సన్ అను వ్యక్తి అచ్చువేయుచున్న ఆరు సంపుటముల పాటల గ్రంథమునకు అతడు నూటయేబదికి మించి పాటలు ఒక్క కాసైన పుచ్చుకొనక పంపెను. జార్జి థామ్సన్ అను మరియొక ప్రకాశకుడు 1793 లో అయిదు పౌనులు పంపగా కోపగించి, మరల నిట్లు చేసిన సహింపనని వ్రాసెను. దేశము పాటకు వెల కట్టుట అతనికి అవమానముగా తోచెను. స్నేహితులు విడిపోవు వేళను, నూతన సంవత్సరారంభమునను నేడు దేశదేశములందు పాడుచున్న ‘ఆల్డ్ లాంగ్ సైన్’ అను పాట ఒక వృద్ధుడు పాడగా వ్రాసికొంటినని చెప్పి అతడు జాన్సనునకు పంపినదే. ఆ వరుసనే గ్రహించి మన రవీంద్రనాథ ఠాగూరు వంగభాషలో ఒక పాట కూర్చెను.

ఫ్రాన్సు విప్లవమునందు అతడు అభిమానము చూపుటచే 1792 చివర అధికారులు విచారణ జరిపిరి. భార్యాబిడ్డల గతి యేమగునోయని అతడు కలతపడెను. అయినను 1795 లో, మనుష్యుని విలువ బిరుదులలో లేదు, మనుష్యత్వములోనే కలదను భావముతో గొప్ప గేయము రచించెను. రెండు శతాబ్దముల పిదప, 1999 లో స్కాట్లండు శాసనసభ ప్రారంభించిన దినమున ఆ గేయమునే పాడిరి.

1796 నాటికి చిన్ననాటి వ్యాధి తిరుగబెట్టెను. త్రాగుడే అతని మృత్యువునకు కారణమని ఒకప్పుడు పలువురు వ్రాసిరి. బాల్యపు కఠినశ్రమ నాటినుండి వచ్చిన గుండెజబ్బే కారణమని తరువాతి వైద్యులు తేల్చిరి. మంచమున నున్నవానికి బట్టల వర్తకుడు ఏడు పౌనుల చిల్లర బాకీ కొరకు తాకీదు పంపెను. చెరసాల తప్పదేమోయని బర్న్సు భయపడెను. బెదరింపు ఉత్తరములు చదువుచు ఏడ్చిన తన తల్లిదండ్రులు ఆ సమయమున అతనికి జ్ఞాపకము రాకుందురా? పాటకు సొమ్మిచ్చినచో సహింపనన్న మనిషియే అదే థామ్సనునకు అయిదు పౌనులు పంపుమని వ్రాసికొనవలసి వచ్చెను. దానిని గూడ ఊరక యడుగలేదు; పాటలు పంపి ఋణము తీర్చెదననెను. థామ్సన్ వెంటనే సొమ్ము పంపెను. 1796 జూలై 21 వ తేదీన బర్న్సు మరణించెను. 25 వ తేదీన సైనిక మర్యాదలతో అంత్యక్రియలు జరిగెను. వేలకొలది జనము వీథులలో నిలిచిరి. ఇంటిలో భార్య జీన్ ఆనాడే మగశిశువును ప్రసవించెను.

1800 లో అతని రచనలను ఒక వైద్యుడు సంపుటములుగా ప్రకటించి వచ్చిన సొమ్మును ఆ కుటుంబమునకు చేర్చెను. ప్రతి సంవత్సరము జనవరి 25 వ తేదీన స్కాట్లండు ప్రజలు ఎచ్చట నున్నను కలిసి భుజించి, అతని పాటలు పాడుకొందురు. తండ్రి కట్టిన ఆ మట్టి యిల్లు ఇప్పటికిని ఆలొవేలో నిలిచి యున్నది.

బాలురారా, బాలికలారా! బర్న్సునకు భూమి లేదు. దున్నిన పొలము లన్నియు పరులవే. అతనికి తనదియని చెప్పుకొన దగినవి తల్లి పాట, ఊరి మాట, తండ్రి చెమట మాత్రమే. వానినే పెంపొందించి, వెల పుచ్చుకొనక, తన ప్రజలకు తిరిగి యిచ్చెను. మీ యిండ్లలోను పాత పాటలు పాడు అవ్వలు, కథలు చెప్పు తాతలు ఉందురు. వారు మౌనము వహింపక మునుపే వారి చెంత కూర్చుండి వినుడు.